ఇంటి ఖర్చుల్లో నిజంగా మిగిలేది ఎక్కడ? కొలిచి చెప్పండి

పద్దుపుస్తకం
పొదుపు చిట్కాలు ఎక్కడ చూసినా ఒకే వరసలో ఉంటాయి. ఛార్జర్ పీకేయండి, లైట్లు ఆర్పండి, ఎక్కువ మొత్తంలో కొనండి. ఏది ఎంత మిగులుస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ థ్రెడ్. ఒకటే షరతు: ధరలు రాయొద్దు. యూనిట్లు, లీటర్లు, గ్రాములు, నిమిషాల్లో చెప్పండి, ఎవరి రేటుతో వాళ్లు గుణించుకుంటారు. "మా ఇంట్లో ఒకసారి" అనే కథలు కూడా వద్దు. ఎలా చేయాలి, ఎక్కడ తేడా కొడుతుంది, ఎందుకు కొడుతుంది, అంతే.

మీటర్‌మామ
కరెంటుతో మొదలుపెడతాను. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. బిల్లును పెంచేవి రెండే రకాలు: వేడిచేసేవి లేదా చల్లబరిచేవి ఒకటి, రోజంతా ఆగకుండా నడిచేవి రెండోది. మిగతావన్నీ చిల్లర.

ఛార్జర్ సంగతే చూడండి. ఫోన్ లేకుండా గోడకు ఉన్న మంచి ఛార్జర్ 0.1 వాట్ దగ్గర తింటుంది. ఏడాదికి ఒక యూనిట్ కూడా కాదు. 2 కిలోవాట్ల గీజర్ ఒక్క నిమిషం అదనంగా నడిస్తే, ఆ ఛార్జర్ దాదాపు రెండు వారాలు తినే కరెంటు ఖర్చయిపోతుంది. ఛార్జర్ పీకడం తప్పేమీ కాదు, కానీ శ్రద్ధంతా అక్కడే పెడితే గీజర్ నవ్వుకుంటుంది.

ఏ వస్తువు ఎంత తింటుందో తెలుసుకోవడానికి వేరే పరికరం కొనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటర్ మీద మెరిసే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దాని పక్కన imp/kWh అనే గుర్తుతో 3200 అనో 1000 అనో ముద్రించి ఉంటుంది, అంటే యూనిట్‌కు అన్ని మెరుపులు అని. 36,00,000ను ఆ అంకెతో భాగించండి. 3200 అయితే 1125 వస్తుంది. ఆ 1125ను రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు మొత్తం వాడుతున్న వాట్లు. 5 సెకన్లకు ఒక మెరుపంటే 225 వాట్లు.

ఒక్క మెరుపు చూసి లెక్క కట్టకండి. పది మెరుపుల వ్యవధిని తీసుకుని పదితో భాగించండి. ముందు ఒకసారి కొలిచి, కావలసిన వస్తువు ఆన్ చేసి మళ్లీ కొలిస్తే తేడాయే దాని వాడకం. మధ్యలో ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైతే లెక్క తారుమారవుతుంది, కాబట్టి ఆ పది నిమిషాలు ఫ్రిజ్ స్విచ్ తీసేయండి. కొలవడం అయ్యాక వెయ్యడం మరవకండి.

సందేహాలపుట్ట
గీజర్ పొద్దస్తమానం ఆన్‌లో ఉంచితేనే కరెంటు తక్కువవుతుందని, ఆపి వేస్తుంటే "మళ్లీ మొదటినుంచి" వేడెక్కాలి కాబట్టి ఎక్కువని అంటారు కదా?

మీటర్‌మామ
అది తప్పండీ. ట్యాంకు లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా ఎంత ఎక్కువసేపు ఉంటే అంత వేడి గోడల గుండా పోతూనే ఉంటుంది. ఆపేస్తే నీళ్లు చల్లారేకొద్దీ ఆ నష్టం తగ్గుతుంది. తిరిగి వేడిచేసేటప్పుడు పోయిన వేడినే తిరిగి పెడతాం, అంతకు మించి కాదు. ఆపడం వల్ల ఎప్పుడూ మిగులే. ఇన్సులేషన్ బాగుంటే మిగిలేది కొద్దిగా, లేకపోతే బాగా.

లెక్క ఇదిగో. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 4.19 కిలోజౌళ్లు కావాలి. 20 లీటర్ల నీటిని 25 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 0.35 యూనిట్. అదే 15 లీటర్ల ట్యాంకును 25 నుంచి 60కి తెస్తే 0.61 యూనిట్, 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు 18 నిమిషాల పని. స్నానానికి 18 నిమిషాల ముందు వేస్తే చాలన్నమాట.

ఆదా పేరుతో థర్మోస్టాట్‌ను 40కి దించి రోజంతా నిల్వ ఉంచడం మాత్రం వద్దు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిల్వ నీటిలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. 60కి కాచి వాడుకుని ఆపేయండి.

వెలుగురేఖ
లైట్లు, ఫ్యాన్ల గురించి క్లుప్తంగా. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగు, అంటే 800 ల్యూమెన్ల దగ్గర, 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. రోజుకు 5 గంటలైతే ఏడాదికి 93 యూనిట్లు మిగులు. కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి.

మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ మోటారు రకం) 30 వాట్లు అనుకోండి. రోజుకు 12 గంటలు తిరిగే గదిలో మారిస్తే ఏడాదికి 197 యూనిట్లు మిగులుతాయి. రోజుకు గంట మాత్రమే తిరిగే గదిలో మారిస్తే 16. అంటే ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చడం పొదుపు కాదు, పడకగదిది మార్చి మిగతావి పాడయ్యేదాకా వదిలేయడమే పొదుపు.

సందేహాలపుట్ట
సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో ఆపితే సరిపోదా?

మీటర్‌మామ
చాలావాటికి సరిపోదు. రిమోట్‌తో ఆపినా లోపల సర్క్యూట్ నడుస్తూనే ఉంటుంది. ఆగకుండా 10 వాట్లు తినే ఏ వస్తువైనా ఏడాదికి 88 యూనిట్లు తింటుంది. బాక్సును ముట్టుకుంటే వెచ్చగా తగిలిందంటే తింటున్నట్టే. టీవీ, బాక్స్, స్పీకర్లు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి బోర్డు స్విచ్ ఆపండి. రౌటర్‌ను మాత్రం పగలు వాడుకునేదే కాబట్టి రాత్రిపూట ఆపితే చాలు. ఏసీ కంప్రెసర్‌కు ఆ చికిత్స చెయ్యకండి, మెయిన్ ఆపాలంటే ముందు రిమోట్‌తో ఆపి కాసేపు ఆగండి.

మూతపెట్టు
ఇక వంటిల్లు. ఇక్కడ ఒక్క అంకె గుర్తుంటే చాలు. లీటరు నీటిని 25 నుంచి మరిగే దాకా తేవడానికి 314 కిలోజౌళ్లు. అదే లీటరును ఆవిరిగా మార్చి పంపేయడానికి 2257 కిలోజౌళ్లు, అంటే ఏడు రెట్లు. 60 శాతం సామర్థ్యమున్న పొయ్యి మీద లెక్కిస్తే మరిగించడానికి 11 గ్రాముల ఎల్‌పీజీ, ఇగరబెట్టడానికి 80 గ్రాముల పైనే. గ్యాస్ ఖర్చంతా వంటింటి ఆవిరిలో ఉంది.

దీన్నుంచి వచ్చే పనులు:

మూత పెట్టండి. మరుగు పట్టగానే మంట తగ్గించండి. నీళ్లు బుడగలు కొద్దిగా వేస్తున్నా, తెర్లుతున్నా ఉష్ణోగ్రత అదే 100. పెద్ద మంట వంటను త్వరగా ఉడికించదు, నీళ్లను త్వరగా పోగొడుతుంది.

నీళ్లు కొలిచి పోయండి. ఎక్కువ పోసి తరవాత ఇగరబెట్టడం కంటే ఖరీదైన అలవాటు వంటింట్లో మరొకటి లేదు.

ప్రెషర్ కుక్కర్‌లో 121 డిగ్రీల దాకా వస్తుంది, అదే దాని బలం. వెయిట్ లేచిందంటే పీడనం పూర్తిగా వచ్చినట్టే. ఆ తరవాత మంట ఎంత పెంచినా లోపల వేడి పెరగదు, ఆవిరి బయటికి పోతుందంతే. కాబట్టి మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి గడియారం చూడండి. ఉడికిందా లేదా అన్నది విజిళ్లతో లెక్కించడం కంటే నిమిషాలతో లెక్కించడం సరైన పద్ధతి. మూత అంచునుంచి ఆవిరి చీదుతుంటే గాస్కెట్ (మూతలోని రబ్బరు రింగు) సాగిపోయిందని అర్థం, మార్చండి.

మంట పసుపు రంగులో లేస్తుంటే, గిన్నె అడుగు నల్లబడుతుంటే గాలి సరిగా అందక గ్యాస్ పూర్తిగా మండట్లేదు. బర్నర్ చల్లారాక మూత తీసి, సబ్బునీళ్లలో నానబెట్టి రంధ్రాలను పిన్నుతో శుభ్రం చేసి పూర్తిగా ఆరాకే పెట్టండి. తడితో పెడితే మంట మళ్లీ పసుపే. ఇక మంట గిన్నె అంచు దాటి పైకి ఎగబాకుతోందంటే అది వేడిచేస్తున్నది గదిని.

గింజలబుట్ట
మూతపెట్టు గారూ, గింజల సంగతి మీరు వదిలేశారు. ఎండు గింజలను 8 నుంచి 12 గంటలు మూడింతల నీళ్లలో నానబెడితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది. నానబెట్టినా ఉడకట్లేదంటే కారణాలు మూడు. గింజలు బాగా పాతవి. నీళ్లలో కాల్షియం ఎక్కువ. లేదా పులుపు ముందే వేశారు. పులుపులో గింజ తొక్క మెత్తబడదు. టమాటా అయినా నిమ్మరసమైనా గింజ వేళ్లతో నలిపితే నలిగే దశ వచ్చాకే వెయ్యాలి. గట్టి నీళ్లయితే నానబెట్టే నీటిలో చిటికెడు వంటసోడా వేసి, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికించండి.

గ్యాస్ మిగలాలంటే ఇంకో పద్ధతి ఉంది. గిన్నెలో కనీసం రెండు లీటర్ల పదార్థం ఉండాలి, తక్కువైతే వేడి నిలవదు. 10–15 నిమిషాలు మరిగించి, మూత తీయకుండా దింపి, కింద పక్కలా పైన అన్నివైపులా నాలుగు వేళ్ల మందాన దుప్పట్లు చుట్టి, కదలకుండా పెట్టెలో ఉంచండి. మూడు నాలుగు గంటల్లో మిగతా ఉడుకు అదే పూర్తవుతుంది.

శుచిరుచి
ఆ దుప్పటి పద్ధతికి ఒక హెచ్చరిక పెట్టకుండా వదిలేస్తే ప్రమాదం. మూడు విషయాలు.

రాజ్మా లాంటి ఎర్ర గింజల్లో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కనీసం 10 నిమిషాలు, వీలైతే 30 నిమిషాలు, గలగలా మరగనివ్వాలి. 80 డిగ్రీల దగ్గర మెల్లగా ఉడికిస్తే విషం పోదు సరికదా పెరగొచ్చు. అందుకే రాజ్మాను దుప్పట్లోకి తీసుకెళ్లే ముందు మరిగించే పనిని తగ్గించకండి.

రెండు, విప్పినప్పుడు లోపల 60 డిగ్రీలకు పైన ఉండాలి. థర్మామీటర్ పెట్టి చూడండి. ఉన్నా సరే, తినేముందు ఒకసారి మరగనివ్వండి. 60 కంటే కిందికి ఎప్పుడో పడిపోయిందనుకుంటే పారబొయ్యండి.

మూడు, మిగిలిన అన్నం. బియ్యంలో ఉండే ఒకరకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. కడుపునొప్పికి అయ్యే ఖర్చు ముందు మిగిలిన అన్నం ఖరీదు ఎంతండీ.

గింజలబుట్ట
రాజ్మా విషయంలో ఒప్పుకుంటాను. పప్పులూ బియ్యమూ ఇందులో బాగానే వస్తాయి. థర్మామీటర్ లేనివాళ్లు మాత్రం ఈ పద్ధతి జోలికి రాకండి, కుక్కర్ చాలు.

కుళాయిచుక్క
నీళ్ల వంతు. ముందు ఇంట్లో లీకు ఉందో లేదో తేల్చుకోండి. కుళాయిలన్నీ కట్టేసి నీటిమీటర్ అంకె రాసుకుని, గంటసేపు చుక్క కూడా వాడకుండా మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో కారుతోంది. మీటర్ లేకపోతే ట్యాంకులో మట్టం గుర్తుపెట్టి ఇన్‌లెట్ కట్టి చూడండి.

కారే కుళాయి కింద కొలత గ్లాసు గంట ఉంచండి. పడిన మిల్లీలీటర్లను 24తో గుణిస్తే రోజు లెక్క. గంటకు 100 మిల్లీలీటర్లు అంటే ఏడాదికి 876 లీటర్లు.

ఎక్కువ నీళ్లు పోయేది మాత్రం చప్పుడు లేకుండా ఫ్లష్ ట్యాంకులో. ట్యాంకులో రంగు కలిపి (వంటల్లో వాడే రంగు చాలు) 20 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఆగండి. కిందికి రంగు దిగితే అడుగున ఉన్న రబ్బరు ఫ్లాపర్ అరిగింది. ముందు దాని అంచునూ, అది కూర్చునే చోటునూ తుడిచి చూడండి, సున్నం పేరుకుని ఉంటే అదే కారణం. అప్పటికీ కారితే కొత్తది. ఇంకో లీకు పైనుంచి: నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం పైకి వచ్చి అందులోకి జారుతుంటాయి. మట్టం ఆ గొట్టం అంచుకు రెండు మూడు సెంటీమీటర్లు కింద ఆగేలా ఫ్లోట్ దించండి.

ట్యాంకులో ఇటుక పెట్టమనేవాళ్లున్నారు. ఇటుక అరిగి ముక్కలై ఫ్లాపర్ కింద చిక్కుకుంటుంది. నీళ్లు నింపి బిగించిన సీసా పెట్టండి. దాంతో రెండుసార్లు ఫ్లష్ చేయాల్సి వస్తే తీసేయండి, ఆదా కాస్తా నష్టమైంది.

సందేహాలపుట్ట
కుళాయి వాషర్ మార్చడానికి ప్లంబర్ అవసరమా? విప్పితే మళ్లీ బిగించలేమేమోనని భయం.

కుళాయిచుక్క
అవసరం లేదు, వరస తప్పకపోతే. కావలసినవి: సర్దుబాటు రెంచ్, స్క్రూడ్రైవర్, అదే కొలత వాషర్, టెఫ్లాన్ టేపు, పాత గుడ్డ.

మొదట ఆ లైను వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి లోపల మిగిలిన నీళ్లు పోనివ్వండి. సింక్ రంధ్రంలో గుడ్డ కుక్కండి, స్క్రూ జారితే వెతకడానికి గంట పడుతుంది. పిడి పైమూత లేపితే స్క్రూ కనిపిస్తుంది, అది తీసి పిడి లాగండి. లోపలి పెద్ద నట్టుకు గుడ్డ చుట్టి రెంచ్‌తో అపసవ్యంగా తిప్పండి. గుడ్డ లేకపోతే పైపూత గీసుకుపోతుంది. స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కడ్డీ) బయటికొస్తుంది, దాని అడుగున వాషర్.

బిగించే ముందు ఓ పని మరవకండి. లోపల వాషర్ ఆనే అంచును, అంటే సీటును, వేలితో తడమండి. గరుకుగా గీతలు తగిలితే కొత్త వాషర్ కూడా కొన్ని వారాల్లో తెగి మళ్లీ కారుతుంది. సీట్ కట్టర్‌తో నునుపు చేయించాలి, అప్పుడు ప్లంబర్ కావాలి. స్పిండిల్‌ను తెరిచిన స్థితిలో ఉంచి బిగించండి. మూసిన స్థితిలో బిగిస్తే వాషర్ సీటుకు గుచ్చుకుని నలుగుతుంది.

కారుతున్నది మూతి నుంచి కాక పిడి దగ్గరైతే వాషర్ తప్పు కాదు. స్పిండిల్ చుట్టూ నీళ్లు పైకి రాకుండా ఆపే గ్లాండ్ వదులైంది. నట్టును పావు తిప్పు బిగించి చూడండి, ఆగకపోతే టెఫ్లాన్ టేపును పురిపెట్టి స్పిండిల్ చుట్టూ రెండు మూడు చుట్లు వెయ్యండి.

పావు తిప్పుకే ఆగే కొత్తరకం కుళాయిల్లో వాషర్ ఉండదు, సిరామిక్ కార్ట్‌రిడ్జ్ ఉంటుంది. ఇసుక రేణువు పడి గీసుకుంటే మొత్తం కార్ట్‌రిడ్జ్ మార్చాలి. పాతది చేతపట్టుకుని దుకాణానికి వెళ్లండి. పొడవూ, పైన పళ్ల లెక్కా రెండూ సరిపోకపోతే పిడి కూర్చోదు.

శీతలపెట్టె
ఫ్రిజ్ ఏడాదంతా ఆగని యంత్రం కాబట్టి చిన్న తేడా కూడా లెక్కకొస్తుంది. కింది గది 3 నుంచి 5 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18. అంతకంటే చల్లగా పెట్టడం వృథా. డయల్ మీద అంకెలు డిగ్రీలు కావు. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచి పొద్దున చూడండి.

తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. పట్టు లేకుండా జారి వస్తే ఆ చోట గాస్కెట్ చల్లదనాన్ని వదిలేస్తోంది. మార్చేముందు గోరువెచ్చని సబ్బునీళ్లతో మడతలు తుడవండి, చాలాసార్లు జిడ్డే సమస్య. వెనక జాలీకి దుమ్ము పట్టకుండా ఆర్నెల్లకోసారి బ్రష్ వెయ్యండి, గోడకు ఆనించకండి.

మంచు ఐదారు మిల్లీమీటర్లు దాటితే ఆపి కరగనివ్వండి. కత్తితో గీకారంటే, లోపలి గొట్టానికి చిల్లు పడి గ్యాస్ పోతుంది. ఆ రిపేరు ఖర్చుతో పొదుపు పదేళ్లు వెనక్కి వెళ్తుంది.

ఖాళీ ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు నింపితే ఆదా అనేది నామమాత్రం. పాత ఫ్రిజ్‌ను "ఇంకా పనిచేస్తోంది కదా" అని రెండోదిగా నడపడమే అసలు నష్టం. దాని వాడకం మీటర్ మెరుపులతో తేలదు, కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది. ప్లగ్‌లో పెట్టే వాట్‌మీటర్ అరువు తెచ్చుకుని 24 గంటలు ఉంచండి.

లెక్కలమాస్టారు
ఎక్కువ మొత్తంలో కొనడం గురించి ఎవరూ ఎత్తలేదు. సూత్రం ఒకటే: పెద్ద ప్యాకెట్ ఎంత శాతం చవకో, అంత శాతానికి మించి పాడైతే నష్టం. 15 శాతం చవకగా కొని 20 శాతం పారబోస్తే, తిన్న ప్రతి గ్రాముకూ చిన్న ప్యాకెట్ కంటే 6 శాతం ఎక్కువ పెట్టినట్టు.

ఆఫర్ల భాష కూడా విప్పి చూడాలి. "50 శాతం అదనం" అంటే 50 శాతం తగ్గింపు కాదు, 33 శాతం. "రెండు కొంటే ఒకటి ఉచితం" కూడా 33 శాతమే, అదీ మూడూ వాడితేనే. "రెండోదానిపై సగం ధర" అంటే మొత్తం మీద 25 శాతం. ప్యాకెట్ ఆకారం అదే ఉండి లోపల బరువు తగ్గడం మామూలే, కాబట్టి ధరను బరువుతో భాగించి 100 గ్రాములకు ఎంతో చూడండి. డబ్బాల్లో వచ్చేవాటికి నీళ్లు వంచాక మిగిలే బరువు, డిటర్జెంట్‌కు కిలో కాదు, ఎన్ని ఉతుకులు.

గింజలబుట్ట
మాస్టారూ, ఆ లెక్కలో బియ్యం, పప్పులకు పాడయ్యే శాతాన్ని దాదాపు సున్నా చేయొచ్చు. పురుగు బయటినుంచి రావడం కంటే గింజలో గుడ్డుగా రావడమే ఎక్కువ. గాలి చొరని సంచిలో కట్టి ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తుంది. తీసిన వెంటనే సంచి విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే గింజల మీద తేమ చేరి బూజు పడుతుంది. ఎండబెట్టినా ఇదే జాగ్రత్త, వేడి మీద డబ్బాలో పోసి మూత పెట్టకండి.

లెక్కలమాస్టారు
నెలకు సరిపడా ఫ్రీజర్‌లో పట్టదు కదండీ. పైగా డబ్బా నిండుగా కనిపిస్తే చెయ్యి ధారాళమవుతుంది. ఆ వాడకం పెరగడం పాడయ్యే శాతంలోకి రాదు, కానీ ఖర్చులోకి వస్తుంది.

గింజలబుట్ట
విడతలుగా పెట్టండి, వారానికి ఒక సంచి. చెయ్యి ధారాళం కాకుండా వంటింట్లో చిన్న డబ్బా, పెద్దది లోపల. అయినా నూనె, మసాలా పొడులు, గింజలనుంచి ఆడించిన పిండి ఎక్కువ మొత్తంలో కొనొద్దనే నేనూ అంటాను. కనరు వాసన వస్తే ఫ్రీజర్ కూడా ఏం చేయలేదు.

సబ్బునురగ
ఉతుకు, కడుగు సామాన్లలో డబ్బు పోయేది మోతాదు దగ్గర. శుభ్రంగా ఉన్న నాలుగు తువ్వాళ్లను డిటర్జెంట్ వేయకుండా మెషిన్‌లో తిప్పండి. నురగ వచ్చిందంటే ఇన్నాళ్లూ ఎక్కువ వేస్తున్నట్టే, పాత సబ్బు బట్టల్లోనే ఉండిపోతోంది. అక్కడినుంచి మోతాదు పావు వంతు చొప్పున తగ్గిస్తూ, మురికి వదలడం మానే దాకా రండి. గట్టి నీళ్లకు ఎక్కువే కావాలి, దానికి డిటర్జెంట్ పెంచడం కంటే చాకలిసోడా చెంచాడు కలపడం చవక. ఉన్ని, పట్టు బట్టలకూ, అల్యూమినియం గిన్నెలకూ ఆ సోడా తగలనివ్వకండి.

నీళ్లు వేడిచేసి ఉతికే మెషిన్‌లో కరెంటు ఎక్కువగా పోయేది ఆ వేడికే. రోజువారీ బట్టలకు చన్నీళ్లు లేదా 30 డిగ్రీలు చాలు. డ్రయర్ సంగతి మూతపెట్టు గారి లెక్కే చెబుతుంది: బట్టల్లోని లీటరు నీటిని ఆవిరి చేయడానికి మామూలు డ్రయర్‌కు కనీసం 0.63 యూనిట్. దండెం ఉచితం. డ్రయర్ తప్పనిసరైతే ముందు స్పిన్ వేగం పెంచి ఎక్కువ నీళ్లు పిండించండి.

వంటసోడా, వెనిగర్ కలిపి "సహజ క్లీనర్" అని అందరూ రాస్తారు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. కలవగానే పొంగి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పునీళ్లు. జిడ్డుకు సోడా విడిగా, సున్నపు మరకకు వెనిగర్ విడిగా. పాలరాయి మీద వెనిగర్ పడితే మెరుపు పోతుంది.

బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ, టాయిలెట్ క్లీనర్ యాసిడ్‌తో గానీ, అమోనియాతో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. ఇది పొదుపు సంగతి కాదు, ప్రాణం సంగతి.

సందేహాలపుట్ట
హ్యాండ్‌వాష్‌లో సగానికి సగం నీళ్లు కలుపుకోవచ్చా?

సబ్బునురగ
కలిపి నెలంతా ఉంచకూడదు. అందులో పాడవకుండా వేసిన పదార్థం కూడా పలచబడి, ఆ నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కాచి చల్లార్చిన నీళ్లతో నాలుగు రోజులకు సరిపడా మాత్రమే కలపండి. అంతకంటే సబ్బు బిళ్ల చవక, నీళ్లు నిలవని జల్లెడ పెట్టెలో ఉంచితే.

పద్దుపుస్తకం
సామాన్ల సంగతి బాగా వచ్చింది. డబ్బు పక్కన పెట్టే పద్ధతి ఎవరైనా చెప్పండి. నెలనెలా మిగులుతుంది, ఏడాదికోసారి వచ్చే పెద్ద ఖర్చు దాన్ని ఊడ్చేస్తుంది. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

లెక్కలమాస్టారు
ఏడాదికోసారి వచ్చేవి అనుకోని ఖర్చులు కావు. బీమా, స్కూలు ఫీజు, వాహనం సర్వీసు, పన్ను అన్నీ తేదీ తెలిసినవే. గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి నెలకు ఒకసారికంటే తక్కువగా వచ్చినవన్నీ ఏరండి. మొత్తాన్ని 12తో భాగించి, జీతం పడిన రోజే వేరే ఖాతాకు పోయేలా బ్యాంకులో ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. నెలాఖరుకు మిగిలింది వేద్దామంటే మిగలదు. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి, యూపీఐ లాంటివాటికి కలపకండి.

క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ఈ థ్రెడ్‌లో చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు అది తీర్చండి. నెలకు 3 శాతం వడ్డీ అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం పైమాటే. ఎన్ని కుళాయిలు బాగుచేసినా దానికి సరిపోదు. "వడ్డీ లేని వాయిదాలు" అన్నచోట మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి, ఆ తగ్గింపే వాళ్లు వసూలు చేస్తున్న వడ్డీ.

సందేహాలపుట్ట
12తో భాగించడం సరే. ఫీజు ఇంకా నాలుగు నెలల్లోనే ఉంటే?

లెక్కలమాస్టారు
మొదటి ఏడాది ప్రతి ఖర్చునూ విడిగా, దాని గడువుకు మిగిలిన నెలలతో భాగించండి. ఫీజుకు 4, పది నెలల్లో వచ్చే బీమాకు 10. మొదట్లో నెలవారీ మొత్తం భారంగా ఉంటుంది. ఒక్కో గడువు దాటగానే ఆ ఖర్చును 12 భాగాలకు మార్చండి. మొదటి నాలుగు నెలలు మొయ్యలేనంత ఉంటే గడువు దగ్గరున్న రెండిటికే పెట్టి, మిగతావి ఐదో నెలనుంచి మొదలుపెట్టండి. ఖాతా ఒకటే అయినా కాగితం మీద ఏ ఖర్చుకు ఎంత చేరిందో విడివిడి గళ్లుగా రాయండి. లేకపోతే ఫీజు డబ్బుతో సర్వీసు కట్టేసి, ఫీజు రోజున ఖాళీ కనిపిస్తుంది.